గిరిజ ఎవరికీ పిన్ని కాదు

మీరు గిరిజను ఒక్కసారి కలిసి తీరాలి. డాలస్ పక్కన కాపెల్‌లో ఏ తెలుగువాళ్ళింట్లో బారసాలకు వెళ్ళినా ఆవిడ మీ కంటపడే ఉంటుంది, మీరే పట్టించుకుని ఉండరు. ఉయ్యాల పక్కన గోడకానుకుని, ముదురాకుపచ్చ నేతచీరలో నిలబడి, పాట పాడుతున్నవాళ్ళు చరణం మర్చిపోతే మెల్లిగా అందిస్తూ ఉంటుంది చూడండి, యాభై రెండేళ్ళ మనిషి, ఆవిడే. "మా పిన్ని" అని గీతాంజలి పరిచయం చేస్తే, మీరు రెండు చేతులూ జోడించి, "ఇండియా నుంచి ఎప్పుడొచ్చారు పిన్నిగారూ" అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే పలావు దగ్గరికి వెళ్ళిపోయి ఉంటారు.

గిరిజ గీతాంజలికి పిన్ని కాదు. ఆ మాటకొస్తే అమెరికా మొత్తంలో ఎవరికీ ఏమీ కాదు.

గిరిజది మండపేట. పసిపిల్లలకు నీళ్ళు పోయడం ఆవిడ పని. ఇదేం పని అనుకునేవాళ్ళు ఒక్కసారి ఆవిడ చెయ్యగా చూడాలి. చిన్న పీట మీద కూర్చుని కాళ్ళు రెండూ చాపుతుంది. పది రోజుల గుడ్డుని ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, గోరువెచ్చటి నూనెతో వీపంతా మర్దనా చేస్తుంది. సున్నిపిండి రుద్ది, వెల్లకిలా తిప్పి, తల గుండ్రంగా ఒత్తి, కళ్ళలోకి చుక్క పోకుండా నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, చెంబుతో ధారగా పోస్తుంది. ఏ బిడ్డా మూడో చెంబు దాటి ఏడవదు. తరవాత సాంబ్రాణి పొగ, పాత పంచె ముక్కలో గట్టిగా చుట్టడం, ఇక ఆ నిద్ర నాలుగు గంటలు. మొగుడు పోయిన ఏడాది మొదలుపెట్టిన పని అది. ఇరవై రెండేళ్ళలో నాలుగొందల మంది పైచిలుకు పిల్లలు ఆవిడ కాళ్ళ మీద పెరిగారు. మండపేటలో ఇప్పుడు మీసాలొచ్చిన కుర్రాళ్ళు కూడా బండి ఆపి, "గిరిజమ్మా, ఎక్కించుకోనా?" అని అడుగుతారు.

గీతాంజలికి ఆరో నెల వచ్చేసరికి వాళ్ళమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యింది, ప్రయాణం చెయ్యలేదు. కానీ మనవడికి షవర్‌లో స్నానం అంటే ఆవిడ మనసొప్పలేదు. "మా ఇంట్లో పిల్లలందరికీ గిరిజే పోసింది, గిరిజే రావాలి" అంది. పనిమనిషి అంటే వీసా రాదు. పిన్ని అంటే వస్తుంది. అందుకని రాజమండ్రి స్టూడియోలో గీతాంజలి వాళ్ళమ్మనీ గిరిజనీ ఒకే రంగు చీరల్లో పక్కపక్కన కూర్చోబెట్టి ఫొటోలు తీయించారు. వారం రోజులు పాఠం చెప్పారు. హైదరాబాద్‌లో అద్దం వెనక కూర్చున్న ఆఫీసర్ తెలుగు తెలిసినావిడ చేత, "ఆ అమ్మాయి మీకేమవుతుంది?" అని అడిగించాడు.

"మా అక్క కూతురండి. తొలి కాన్పండి" అంది గిరిజ. మాట తడబడలేదు.

కాపెల్‌లో కారు దిగిన రోజున గీతాంజలి భర్త రఘు చెయ్యి చాచాడు. రఘుది కరీంనగర్. "పాస్‌పోర్ట్ ఇటియ్యి పిన్నీ, లాకర్ల పెడ్త. పోయిందంటే మస్తు పరేషాన్ అయితది." గిరిజ సంతోషంగానే ఇచ్చింది. తన దగ్గరుంటే ఎక్కడ పారేసుకుంటుందో అని భయం ఆవిడకు. ఆ లాకర్ రఘు వేలు పెడితేనే తెరుచుకుంటుందని తరవాత తెలిసింది.

ఇంట్లో ఆవిడ నేర్చుకోవలసి వచ్చిన అతి కష్టమైన విద్య స్టవ్వూ కాదు, డిష్‌వాషరూ కాదు. నలుగురిలో ఉన్నప్పుడు గీతాంజలిని "గీతా" అని పిలవడం. చిన్నప్పట్నుంచీ "అమ్మాయిగారూ" అని పిలిచిన పిల్లను అలా పిలవాలంటే ప్రతిసారీ గొంతులో ముల్లు దిగినట్టుండేది. చుట్టాలు వెళ్ళిపోగానే మళ్ళీ అమ్మాయిగారే. మళ్ళీ అందరూ తిన్నాక సింక్ పక్కన నిలబడి తినడమే.

ధృవ్ పుట్టాడు. మూడు నెలలకని పిలిపించారు, ఆ మూడూ అయిపోయాయి. బాబు మెడ నిలిపాడు, బోర్లా పడ్డాడు. బాత్‌టబ్‌లో పీట వేసుకుని నీళ్ళు పోసే గిరిజ వీడియోలు స్నేహితుల గ్రూపులన్నీ తిరిగాయి. "ఎక్కడ దొరికింది బంగారం!" అన్నారు అందరూ. దగ్గర్లోనే ఉన్న ప్లేనోలో విద్య అనే స్నేహితురాలికి కవలలు పుడితే, గీతాంజలి పెద్ద మనసు చేసుకుని, "మా పిన్నిని ఆరు వారాలు పంపిస్తాలే" అంది. గిరిజను ఎవరూ అడగలేదు. సంచి సర్దుకోమన్నారు, సర్దుకుంది. ఆరు వారాల తరవాత విద్య ఆమెను దించి, ఒక మిక్సీ కూడా గీతాంజలి చేతిలో పెట్టి వెళ్ళింది.

అక్కడ మండపేటకు ఇరవై కిలోమీటర్లలో, రావులపాలెంలో, గిరిజ ఒక్కగానొక్క కూతురు సత్యవేణికి అయిదో నెల వచ్చింది. ఇది మూడో కడుపు. మొదటి రెండూ నిలవలేదు. అల్లుడు లారీ మీద వెళితే పది రోజులకు గానీ ఇంటికి రాడు. గిరిజ ఫోన్‌లో సిమ్ లేదు. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి వాట్సాప్‌లో కూతురు కనిపించేది.

"ఏడో నెలలో వచ్చేత్తావు కదమ్మా?" అనేది సత్యవేణి.

"వచ్చేత్తానే. నాలుగొందల మందికి పోసిన చేతులే ఇవి. నీ బిడ్డకి పొయ్యకుండా పోతానా?"

"ఒట్టెయ్యి."

"ఫోన్‌లో ఒట్టేంటే, పిచ్చి మొహమా."

"మరైతే రాననేగా."

"వత్తానంటన్నానా! ఒట్టే. చాలా?"

ఏడో నెల వచ్చింది. ధృవ్‌కు ఉగ్గు తినిపిస్తూ గిరిజ గీతాంజలిని అడిగింది. "అమ్మాయిగారూ, దానికి ఏడో నెలండి. తీసుకొచ్చి పురుడు పొయ్యాలి కదండి. నన్ను పంపించెయ్యండి."

"పిన్నీ, నేనిప్పుడే ఆఫీస్‌లో జాయిన్ అయ్యాను. డేకేర్‌లో వెయిట్‌లిస్ట్ ఉంది. థాంక్స్‌గివింగ్ దాకా ఆగు, ప్లీజ్." గీతాంజలి చెడ్డది కాదు. అన్న మాటకు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆఫీసులో మేనేజర్ పెట్టే నరకం, ఇంటి లోన్, రఘు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని వీసా, అన్నీ చెప్పుకుని ఏడ్చింది. గిరిజే ఆమె వీపు నిమిరింది. కానీ టికెట్ మాట తేలలేదు.

రఘును అడిగితే అతను ఏడవలేదు. కాఫీ కప్పు కింద పెట్టి నిదానంగా చెప్పాడు. "చూడు పిన్నీ. నీ గడువు దాటిపోయింది. ఎక్స్‌టెన్షన్ పెడ్దమనుకున్నం, కాలే. ఇప్పుడు పోతే ఎయిర్‌పోర్ట్‌లనే ఆపుతరు, ప్రశ్నలేస్తరు. ఆడ హైదరాబాద్‌ల ఆఫీసర్‌కి ఏం చెప్పినవ్? గీత నా అక్క బిడ్డ అన్నవ్. మేం చెప్పినమా? మేం చెప్పలే. నువ్వే చెప్పినవ్. అబద్ధం చెప్తే ఈ దేశంల జైలే. ఒక లాయర్‌తోని మాట్లాడుతున్న. జర ఓపిక పట్టు."

నువ్వే చెప్పినవ్. ఆ మాట గిరిజ గుండెల్లో మేకులా దిగబడింది. నిజమే కదా. ఆ అద్దం ముందు నిలబడింది తనే, నోరు తెరిచింది తనే. ఎవర్నని ఏం లాభం?

మర్నాడు మధ్యాహ్నం ధృవ్ నిద్రపోయాక, గీతాంజలి మేడ మీద మీటింగ్‌లో ఉండగా, గిరిజ తలుపు తీసుకుని నడక మొదలుపెట్టింది. ఎక్కడికో ఆవిడకే తెలియదు. బస్టాండు లాంటిది ఏదైనా ఉంటుందనుకుంది. కాపెల్‌లో నడిచినవాళ్ళకు తెలుస్తుంది, ఇటుక రంగు ఇళ్ళు, అవే గ్యారేజీ తలుపులు, అవే పచ్చికలు, మలుపు తిరిగితే మళ్ళీ అవే. ఒక్క మనిషి కనిపించలేదు. నలభై నిమిషాలు నడిచేసరికి ఒక తెల్ల వ్యాను పక్కన ఆగి అద్దం దిగింది. గిరిజ ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే లోపల ఉన్నది తెలుగు మనిషి. వినాయక చవితికి వచ్చిన ఉమామహేశ్వరి.

"అయ్యో, గీత వాళ్ళ పిన్నిగారు కదూ! ఎండలో ఎక్కడికండీ, దారి తప్పారా?"

"నేను... ఊరెళ్ళాలండి" అంది గిరిజ.

"పాపం, మా అత్తగారూ అంతేనండి. మూడు నెలలవగానే ఊరు, ఊరు అని ప్రాణం తీసేస్తారు. ఎక్కండి, ఎక్కండి, ఏసీలో కూర్చోండి" అంటూ ఆ మహాతల్లి ఎంతో ప్రేమగా, చేతిలో ఒక జ్యూస్ ప్యాకెట్ కూడా పెట్టి, గిరిజను సరిగ్గా బయల్దేరిన గుమ్మం దగ్గరే దింపింది. "జాగ్రత్త గీతా, పెద్దవాళ్ళు కదా" అని సలహా కూడా ఇచ్చింది. మర్నాటి నుంచి తలుపు తీస్తే గీతాంజలి ఫోన్ మోగేలా ఏదో పెట్టారు.

ఇక ఆ ఇంటికి శనివారాలు వచ్చే మనిషి ఒక్కతే, తన్వి. రఘు అక్క కూతురు, ఇక్కడే పుట్టిన పిల్ల. డాలస్‌లో కాలేజీలో హిస్టరీ చదువుతోంది. మామయ్య ఇంట్లో బట్టలు ఉతుక్కుని, గిరిజ చేతి పప్పు తిని పోతుంది. గిరిజను "అమ్మమ్మా" అంటుంది, అత్తకు పిన్ని అంటే తనకు అమ్మమ్మ వరసే అని ఎవరో చెప్పారు. ఆ ఇంట్లో గిరిజను కూర్చోబెట్టి కబుర్లు చెప్పేది ఆ పిల్ల ఒక్కతే.

నవంబరులో ఒక శనివారం. రఘు, గీతాంజలి ధృవ్‌ను తీసుకుని షాపింగ్‌కు వెళ్ళారు. గిరిజ వంటగదిలో గోంగూర వలుస్తోంది. ఎదురుగా తన్వి లాప్‌టాప్ తెరుచుకుని పేపర్ రాసుకుంటోంది. తెర మీద ఒక మట్టిబొమ్మ. నల్లటి ఒళ్ళు, రింగుల జుట్టు, నడుముకు చిన్న గుడ్డ, దేన్నో పట్టుకున్నట్టు పైకెత్తిన చెయ్యి.

"ఎవడమ్మా ఈ కుర్రాడు? మా కాకినాడ జాలరోళ్ళ పిల్లాడిలాగున్నాడు" అంది గిరిజ.

తన్వికి నవ్వొచ్చింది. "కాకినాడ కాదు అమ్మమ్మా, చైనా! ట్వెల్వ్ హండ్రెడ్ ఇయర్స్ బ్యాక్. రిచ్ పీపుల్ చచ్చిపోతే గ్రేవ్‌లో ఇట్లాంటి బొమ్మలు పెట్టేవాళ్ళు."

"చైనావోడిలా లేడే?"

"యా, అదే కదా నా పేపర్! వీడు ఫారినర్. సముద్రం అటువైపు నుంచి తెచ్చారు. పెద్ద పెద్ద ఫ్యామిలీస్ ఇంట్లో ఫారిన్ సర్వెంట్ ఉంటే, లైక్, గొప్ప. గెస్ట్స్ వస్తే చూపించేవాళ్ళు. కొరియా నుంచి అమ్మాయిల్ని కూడా. పైరేట్స్ ఎత్తుకొచ్చి అమ్మేవాళ్ళు. వాళ్ళు పని బాగా చేస్తే ఇంకో ఇంటికి గిఫ్ట్ ఇచ్చేవాళ్ళు. క్రేజీ కదా?"

గిరిజ చేతిలో గోంగూర కాడ ఆగిపోయింది. "వీళ్ళ పేర్లేంటి?"

"పేర్లు ఎవరూ రాయలేదు చాలామందివి. ఏ సైడ్ నుంచి వచ్చారో ఆ పేరే."

"ఇంటికి పంపేవోరా, తల్లీ?"

"ఓ, వెయిట్, అది నేను చదివాను!" తన్వి ఉత్సాహంగా తెర మీద వెతికింది. "కొరియా కింగ్‌డమ్ వాళ్ళు కంప్లైంట్ చేశారు. అప్పుడు చైనా ఎంపరర్ ఆర్డర్ ఇచ్చాడు, ఆ అమ్మాయిల్ని వదిలెయ్యండి, ఇంటికి వెళ్ళనివ్వండి అని. బట్ వాళ్ళకి షిప్ ఎవరూ ఇవ్వలేదు. కొన్ని ఇయర్స్ తర్వాత ఎవరో రిపోర్ట్ రాశారు. ఓల్డ్ పీపుల్, వీక్ పీపుల్, సముద్రం పక్కన ఊళ్ళల్లో తిరుగుతున్నారు, ఇల్లు లేదు. వెళ్ళాలని ఉంది, దారి లేదు. అట్లా ఉంది ఇక్కడ." ఆ పిల్ల తలెత్తి చూసి హడలిపోయింది. "అమ్మమ్మా? అమ్మమ్మా, ఏడుస్తున్నారా? సారీ, సారీ, నేను ఏమన్నా..."

గిరిజ కుర్చీలోంచి జారి నేల మీద కూలబడింది. గోంగూర చేతుల్తోనే తన్వి పాదాలు పట్టుకుంది. "నన్ను ఓడెక్కించు తల్లీ. నీకు పుణ్యముంటాది. నేను మీ అత్తకి పిన్నిని కాను."

"వాట్? మరి నేను అమ్మమ్మ అంటున్నా కదా?"

"అంటన్నావమ్మా. నువ్వొక్కదానివే మనసారా అంటన్నావు. నేను నీళ్ళు పోసేదాన్ని. పనిదాన్ని."

అంతా చెప్పింది. స్టూడియో ఫొటోలు, అద్దం వెనక ఆఫీసర్, లాకర్, ప్లేనో, తెల్ల వ్యాను, సత్యవేణికి వేసిన ఒట్టు. తన్వి మొహం తెల్లబోయింది. తను నాలుగు వారాలుగా లైబ్రరీలో వెతుకుతున్నది ఇన్నాళ్ళూ తనకు పప్పు వడ్డిస్తోందని ఆ పిల్లకు అప్పుడు తట్టింది.

"ఒక నంబర్ ఉంది అమ్మమ్మా. ఇట్లాంటివాళ్ళ కోసమే. తెలుగు మాట్లాడేవాళ్ళని కూడా లైన్‌లో పెడతారు. మీ తప్పు లేదు, మీకు హెల్ప్ చేస్తారు. ఇప్పుడే చేద్దామా?"

గిరిజ ఆ ఫోన్ వంక తాచుపామును చూసినట్టు చూసింది. "పోలీసులొత్తారా?"

"రావచ్చు. మీకోసం."

"మీ మావయ్యకేమవుద్ది?"

తన్వి ఆలోచించింది. అబద్ధం చెప్పడం రాదు ఆ పిల్లకు. "ట్రబుల్ అవుతుంది. చాలా. వాళ్ళ వీసా, గ్రీన్ కార్డ్... ఐ డోన్ట్ నో."

"బాబు?"

తన్వి ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

"వద్దు తల్లీ. ఒకరి కొంప కూల్చి నా కొంపకి పోలేను. ఆఫీసర్‌తో అబద్ధమాడింది నేనే, నన్నే ముందు పట్టుకుంటారు. జైల్లో పడితే దానికి పురుడెవరు పోత్తారు? ఆ పాస్‌పోర్ట్ ఒక్కటీ ఇప్పించు, చాలు. ఎలాగో నేనే పోతాను."

"ఓకే. ఓకే. నేను మామతో మాట్లాడతా. హీ ఈజ్ ఫ్యామిలీ. వింటాడు." తన్వి తన ఫోన్ నంబర్ పెద్ద పెద్ద అంకెల్లో ఒక కాగితం మీద రాసి గిరిజ చేతిలో పెట్టింది. "ఎప్పుడైనా, ఏదైనా, నాకు చెయ్యండి."

అదిగో, అక్కడ జరిగింది తప్పు. ఇక్కడ పుట్టి పెరిగినా తన్వి మన పిల్లే. ఇంట్లో సంగతి ఇంట్లోనే తేల్చుకోవాలన్న మాట ఉగ్గుపాలతో తాగిన పిల్ల. పరాయివాడి ఇంట్లో అయితే ఆ నంబర్ నొక్కేసి ఉండేది. మామయ్య కాబట్టి, మామయ్యకే చెప్పింది.

భోజనాల దగ్గర రఘు విన్నాడు, పడీ పడీ నవ్వాడు. "ఏంది బిడ్డా, కాలేజ్‌ల గిదేనా నేర్పుతున్నరు? మా ఇంట్ల స్లేవరీనా? పిన్నికి ఊరి మీద మనసైంది, అంతే. పాస్‌పోర్ట్ ఎవడికి గావాలె? ఈ వారంలనే టికెట్ చేస్త, సరేనా?"

"ప్రామిస్?"

"అరే, ప్రామిస్."

తన్వి గిరిజను గట్టిగా కౌగిలించుకుని, "చూశారా, చెప్పా కదా!" అని వెళ్ళిపోయింది. ఉతికిన బట్టలు అక్కడే మర్చిపోయింది.

రఘు మాట తప్పలేదు. మంగళవారానికి టికెట్ వచ్చింది. గీతాంజలి స్వయంగా గిరిజ సంచి సర్దింది, కొత్త చీర పెట్టింది.

"మా ఊరికేనా అమ్మాయిగారూ?" అంది గిరిజ.

"ముందు వర్జీనియా పిన్నీ." గీతాంజలి చీర మడత సరిచేస్తూనే ఉంది, తలెత్తలేదు. "హెర్న్‌డన్‌లో రఘు ఫ్రెండ్ మానవ్ వాళ్ళకి పాప పుట్టింది. అమ్మమ్మలిద్దరికీ వీసా రాలేదు. పాపం చాలా కష్టపడుతున్నారు. ఒక్క నలభై రోజులు. అటునుంచి అటే ఇండియాకి పంపిస్తామన్నారు."

"నలభై రోజులా? దానికి పన్నెండు రోజుల్లో కాన్పండి!"

"ఏం చెయ్యను పిన్నీ, రఘు మాటిచ్చేశాడు." అప్పుడు తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళు. "తన్వికి అదంతా ఎందుకు చెప్పావు? నిన్ను ఇంట్లో మనిషిలా చూసుకున్నాం కదా."

మంగళవారం పొద్దున డాలస్ ఎయిర్‌పోర్ట్. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్ళకు మనవాళ్ళంతా ఏం చేస్తారో రఘు కూడా అదే చేశాడు, వీల్‌చెయిర్ పెట్టించాడు. కాళ్ళు ఎంత గట్టివైనా సరే, కుర్చీలో కూర్చుంటే ఎవరో ఒకరు తోసుకెళ్ళి విమానంలో ఎక్కిస్తారు, అటువైపు వీల్‌చెయిర్ దగ్గరే మనవాళ్ళు అందుకుంటారు. నాలుగొందల మంది పిల్లల్ని మోసిన కాళ్ళను గిరిజ ఆ కుర్చీ మెట్ల మీద పెట్టుకుని కూర్చుంది. లోపలికి పోవాలంటే గుర్తింపు చూపించాలి, వేరే దారి లేదు. అందుకని తొమ్మిది నెలల తరవాత రఘు జేబులోంచి పాస్‌పోర్ట్ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"లోపల ఎవ్వరితోని ఏం మాట్లాడకు. దిగంగనే మానవ్ ఉంటడు. ఇది ఆయన చేతికియ్యి. సమజైందా?"

"ఆయ్" అంది గిరిజ.

అతను తాడు ఇవతలే ఉండిపోయాడు. కుర్చీ ముందుకు కదిలింది.

తోసే ఆవిడ నేపాల్ మనిషి, నలభై ఏళ్ళుంటాయి. మొదటి మలుపులోనే హిందీలో పలకరించింది, "అమ్మా, అకేలీ?" మండపేటలో మార్వాడీల పిల్లలకు నీళ్ళు పోసి నేర్చుకున్న నాలుగు ముక్కలు గిరిజకు ఉన్నాయి. ఒక్కదాన్నే అని తల ఊపింది.

యూనిఫారం వేసుకున్న ఆఫీసర్ పాస్‌పోర్ట్ తెరిచాడు. ఫొటో చూశాడు. గిరిజను చూశాడు. ఆవిడ పైట చెంగుని రెండు చేతులా నలుపుతోంది, అది కూడా చూశాడు. కొంచెం వంగి ఏదో అడిగాడు. ఆ ప్రశ్నలో ఆవిడకు తెలిసిన మాట ఒక్కటే ఉంది, ఓకే. ఓకేనా అని అడుగుతున్నాడు. ఒక్క మాట. కాదు అని తల అడ్డంగా తిప్పితే చాలు. హైదరాబాద్‌లో అద్దం వెనక మొహం కళ్ళముందు ఆడింది. నువ్వే చెప్పినవ్. చేతికి బేడీలు, పన్నెండు రోజులు, సత్యవేణి. గిరిజ నోరు పెగుల్చుకుంది.

"ఓకే" అంది.

గేటు దగ్గరికి వచ్చేశారు. ఇంకా ఇరవై నిమిషాలుంది. ఈ కాస్సేపు ఆవిడ ఎవరి మనిషీ కాదు. వెనక రఘు లేడు, ముందు మానవ్ లేడు, పాస్‌పోర్ట్ చేతిలో ఉంది. ఇలాంటి ఘడియ ఇక రాదని ఆవిడకు తెలుసు. రొండిన దోపుకున్న కాగితం తీసి నేపాలీ ఆవిడకు చూపించింది. "ఫోన్... ఏక్ బార్. బేటీ."

ఆ తల్లి మారు మాట్లాడకుండా తన ఫోన్‌లో నంబర్ నొక్కి ఇచ్చింది. మోగింది. మోగింది. తన్వి గొంతు వినబడింది.

"తల్లీ! నేను, అమ్మమ్మని! నన్ను వేరే చోటికి పంపేత్తన్నారు, పాస్‌పోర్ట్ నా చేతిలోనే ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో..." అటువైపు తన్వి ఆగకుండా ఇంగ్లిష్‌లో ఏదో చెబుతూనే ఉంది, తన మాట వినిపించుకోకుండా, నవ్వుతున్నట్టుగా. తరవాత కీచుమని ఒక చప్పుడు. తరవాత ఏమీ లేదు. గిరిజకు అర్థం కాలేదు. పిల్ల కోపంగా ఉందా? మామయ్య వద్దన్నాడా? "తల్లీ? తన్వీ?" అంది ఆ నిశ్శబ్దంలోకి. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే నవ్వుగొంతు, అవే మాటలు. మూడోసారీ అంతే.

తన్వి అప్పుడు క్లాసులో ఉంది. బల్ల మీద ఫోన్ వెలిగింది, చూసింది. తెలియని నంబర్. తెలియని నంబర్ ఇక్కడ ఎవరు ఎత్తుతారు? మీరు ఎత్తుతారా? కారు వారంటీ అమ్మేవాళ్ళో, మోసగాళ్ళో అయి ఉంటారు. బోర్లా తిప్పేసింది. గిరిజ విన్నది, ఎత్తనప్పుడు మోగే రికార్డు గొంతే.

మైకులో ఏదో పిలిచారు. ఇంకా టైముందనుకున్న గిరిజకు తెలియనిది ఒకటుంది, వీల్‌చెయిర్ వాళ్ళను అందరికంటే ముందు ఎక్కిస్తారు. కుర్చీ కదలబోయింది. గిరిజ రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి లేచి నిలబడింది. నేపాలీ ఆవిడ నోరు తెరిచేసింది. గిరిజ చకచకా అద్దాల గోడ దాకా నడిచింది. అవతల ఎన్నో విమానాలు, తెల్లగా, ఒకదాని పక్కన ఒకటి. వీటిలో ఏదో ఒకటి మన వైపు పోయేదే అయ్యుంటుంది. ఏది? ఎవర్నడగాలి? ఏమనడగాలి? నుదురు అద్దానికి ఆనించి నిలబడిపోయింది.

నేపాలీ ఆవిడ వెనకే వచ్చి, మోచెయ్యి మీద మెత్తగా చెయ్యి వేసింది. "అమ్మా, కోయీ తక్లీఫ్ హై? బోలో." ఏమైనా కష్టమా, చెప్పు అని. అంటూనే గోడ దగ్గర నిలబడ్డ పోలీసు వైపు చూసింది. పిలవనా అన్నట్టు.

గిరిజ ఆ పోలీసు నడుముకున్న బేడీలు చూసింది. కాగితం మీద అంకెలు చూసింది. పలకని పిల్ల, పిలిస్తే వచ్చే పోలీసు, హెర్న్‌డన్‌లో ఎదురుచూస్తున్న తొలిచూలు బాలింత, ఎనిమిది రోజుల పరాయి పసిగుడ్డు, ఏడు నెలలుగా తన కాళ్ళ మీద పెరిగిన ధృవ్, లాయర్, జైలు, ఒట్టు. అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఏదో అనబోయింది. హిందీ రాలేదు. తెలుగు కూడా రాలేదు.

గేటు దగ్గర అమ్మాయి టికెట్ కోసం చెయ్యి చాచి చిరునవ్వుతో ఎదురుచూస్తోంది. వెనక లైను పెరుగుతోంది. ఎవరో దగ్గారు. గిరిజ తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. టికెట్ ఇచ్చేసింది.

పదకొండు నిమిషాల తరవాత తన్వి క్లాసు బయటికొచ్చి, వచ్చిన మెసేజ్ చెవి దగ్గర పెట్టుకుంది. విని, పిచ్చిదానిలా ఆ నంబర్‌కు చేసింది. "వో అమ్మా?" అంది నేపాలీ ఆవిడ. "చలీ గయీ. దర్వాజా బంద్ హో గయా." వెళ్ళిపోయింది, తలుపు వేసేశారు అని.

ఇవాళ పొద్దున హెర్న్‌డన్‌లో గిరిజ ఇంకొకరి బాత్‌టబ్‌లో కూర్చుని ఇంకొకరి పాపకు నీళ్ళు పోసింది. పాస్‌పోర్ట్ మానవ్ దగ్గరుంది. రావులపాలెంలో సత్యవేణికి నొప్పులు మొదలయ్యాయని వాట్సాప్ వచ్చింది. గిరిజ తడిచేతుల్తో చూసుకుంది.

పోలీసును పిలవాల్సింది అని మీరు తేలిగ్గా అనెయ్యవచ్చు. ఈ దేశం చట్టాలు తెలిసిన మనకు అది తేలికే. కానీ "నువ్వే చెప్పినవ్" అన్న మాట ఇంకా మోగుతున్న చెవులతో, పాస్‌పోర్ట్ చేతిలో పెట్టుకుని, ఫోన్‌లో పలకని పిల్లతో, ఆ గేటు ముందు కుర్చీలో మీరే ఉన్నారనుకోండి. మోచెయ్యి మీద చెయ్యి వేసి "చెప్పు" అంటున్నారు. మీరేం చేసి ఉండేవారు?